బిడ్డ పేరు ఎవరి చేతికీ ఇవ్వకండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే జనగామ, మానుకోట, భూపాలపల్లి ఊళ్లలోకి కాలేజీ పీఆర్వోలు దిగుతారు. బండి ఆపి, అరుగు మీద కూర్చుని, "అక్కా, పిల్లకు సీటు నేనిప్పిస్త. పైసా ఖర్చు లేదు. ఆధార్, మెమో ఇయ్యి. ఫోన్‌కు ఓ నంబరొస్తది, అది చెప్తే చాలు" అంటారు. ఆ నంబరు చెప్పకండి. ఇక ముందుకు చదివే తీరిక లేనివారు ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకోండి.

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి. మొదటి విడత రిజిస్ట్రేషన్‌కు 200 రూపాయలు. అవి కట్టాక దోస్త్ ఐడీ, ఆరంకెల పిన్ ఫోన్‌కు వస్తాయి. పిన్ ఎవరి దగ్గరుంటే వెబ్ ఆప్షన్లు పెట్టేది వాళ్లే. పీఆర్వో తన కాలేజీ ఒక్కటే పెట్టి వెళ్లిపోతాడు. హనుమకొండలో పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాలలోనో, కాకతీయ ప్రభుత్వ కళాశాలలోనో సీటు దక్కాల్సిన పిల్ల పేరైనా వినని చోట తేలుతుంది. రెండు వందలు మిగిలాయని సంబరపడిన ఇంట్లో మూడేళ్ల చదువు పక్కదారి పడుతుంది. ఫోన్‌కొచ్చే నంబరు, అంటే ఓటీపీ, చెప్పాల్సిన సందర్భం లేకపోలేదు. సీటు వచ్చాక మీరే కాలేజీకి వెళ్లి, చేరుతున్నామని ఖాయం చేసేటప్పుడు చెప్పాలి. ఇంటికొచ్చిన మనిషికి మాత్రం కాదు. ఆ పీఆర్వో మీద కోపం అక్కర్లేదు. చాలాసార్లు అతనూ మన పక్కూరి పిల్లాడే, డిగ్రీ చదివి కొలువు దొరక్క టార్గెట్ల వెంట తిరుగుతుంటాడు. జాలిపడండి, మంచినీళ్లివ్వండి, పిన్ ఇవ్వకండి.

రెండోది ఒరిజినల్ సర్టిఫికెట్లు. "ఇక్కడ పెట్టిపోండి, కోర్సు అయ్యాక ఇస్తాం" అని ఆఫీసులో అంటే చాలామంది తల్లిదండ్రులు మారుమాట్లాడరు. పట్టాదారు పాసుపుస్తకాన్ని తెలియని మనిషి బీరువాలో మూడేళ్లు పెట్టి వస్తామా? యూజీసీ 2018 అక్టోబరులోనే తేల్చి చెప్పింది: మార్కుల మెమోలు, స్కూలు నుంచి వచ్చిన సర్టిఫికెట్లు చూసి సరిపోల్చుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి, సంతకం చేసిన జిరాక్సులు ఉంచుకోవాలి. సీటు వదులుకుంటే ఫీజు వాపసుకూ లెక్క ఉంది. ప్రవేశాల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు చెబితే కొద్దిపాటి కోత మినహా మొత్తం, ఆ తర్వాత చివరి తేదీలోగా అయితే 90 శాతం, గడువు దాటాక 15 రోజుల్లో 80 శాతం, నెల రోజుల్లోపు అయితే సగం. నెల దాటితే ఏమీ రాదు. కాబట్టి మనసు మారితే నాన్చకుండా ఆ రోజే కాగితం మీద రాసి ఇవ్వండి.

ఒరిజినల్స్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు. 2008లో మొదలైన ఈ పథకం మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో తొలి ఇంజినీరును చూపించింది. ఇప్పుడు బకాయిలు పేరుకుని, 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగేదాకా వచ్చింది. చివరికి భారం ఎక్కడ పడుతుంది? "సర్కారు ఇయ్యలే, మీరు కట్టి సర్టిఫికెట్ తీసుకుపోండి" అంటారు. బాకీ సర్కారుది, తాళం పిల్లల కాగితాలకు. ఇది అన్యాయమని తెలిసినా దరఖాస్తు విషయంలో మన వైపు లోటు ఉండకూడదు. ఉపకారవేతనాల వెబ్‌సైట్ ఈపాస్‌లో ప్రతి ఏడాదీ గడువులోగా రెన్యువల్ చేసుకోవాలి, హాజరు 75 శాతానికి తగ్గకూడదు.

అన్నిటికన్నా భయపెట్టేది బ్యాంకు ఖాతా. ఉపకారవేతనం కోసం పిల్లలు తమ పేరిట ఖాతా తెరుస్తారు. హాస్టల్లో పరిచయమైన ఓ "అన్న" వస్తాడు. "నీ అకౌంట్ల పైసలు పడ్తయి, తీసి నాకియ్యి, నీకు కమీషన్" అంటాడు. లేదంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ మూడూ కలిపి కిరాయికి అడుగుతాడు. నెల ఖర్చుకు ఇంటికి ఫోన్ చేయడానికి మొహమాటపడే పిల్లాడు ఒప్పుకుంటాడు. ఆ డబ్బు ఇంకెక్కడో ఎవరినో మోసం చేసి లాగింది. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయగానే డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో తీస్తారు. దొరికేది అన్న కాదు, పిల్లాడి పేరు. ఖాతా స్తంభిస్తుంది, ఉపకారవేతనమూ అందులోనే చిక్కుకుంటుంది. ఏ రాష్ట్రం పోలీసులైనా ఇంటి తలుపు తట్టవచ్చు. "నాకు తెలియదు" అన్నంత మాత్రాన కేసు పోదు. మీ పేరిట ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో చూడండి. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

లోన్ యాప్‌ల గురించి కొత్తగా చెప్పేదేముంది? పెట్టుకోవద్దు, అంతే.

ఇవ్వకూడనివి ఇవి. దాచకూడనిది ఒకటుంది: వేధింపు. 2023 ఫిబ్రవరిలో, వరంగల్‌లో పీజీ వైద్య విద్య చదువుతున్న, జనగామ జిల్లా తండాకు చెందిన బిడ్డను కోల్పోయాం. సీనియర్ వేధింపులే కారణమని కుటుంబం ఆరోపించింది, సీనియర్‌ను పోలీసులు అరెస్టు చేశారు. న్యాయస్థానం పని న్యాయస్థానానిది. మనం గ్రహించాల్సింది వేరే ఉంది: అంత చదివిన పిల్లలు కూడా అలాంటి చోట ఒంటరిగా పడిపోవచ్చు. ర్యాగింగ్ నిషేధ చట్టం మనకు 1997 నుంచీ ఉంది. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఫోన్‌లో బిడ్డ గొంతు మారితే "సర్దుకుపో" అనకండి. పరకాల మీదుగా బస్సెక్కుతారో, మానుకోటలో రైలెక్కుతారో, ఆ రోజే వెళ్లండి.

పిల్లలు బయల్దేరకముందే ఒరిజినల్స్ అన్నీ రెండు జతలు జిరాక్స్ తీయించి ఒక జత ఇంట్లో ఉంచండి. 1930 నంబరు ఫోన్‌లో ఎక్కించండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే ఆ నంబరుకు చేయాలి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది, తిరిగి పట్టుకోవడం కష్టం.