చలానా బండికా, నడిపినవాడికా?

మొన్న లంచ్ దగ్గర మా టీమ్‌లో ఒకడు "మళ్ళీ డిస్కౌంట్ ఎప్పుడిస్తారో" అన్నాడు. ఏదో ఆన్‌లైన్ సేల్ గురించనుకున్నా. కాదట, ట్రాఫిక్ చలానాల మీద! బండి మీద పదకొండు పెండింగులో ఉన్నాయి. కట్టడు, ఎదురు చూస్తాడు.

వాణ్ణి అని లాభం లేదు. 2022 మార్చిలో తెలంగాణలో బైకుల పాత చలానాలకి పావు వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరు చివర్లో మళ్ళీ బైకులకి 80 శాతం, కార్లకి 60 శాతం తగ్గించారు. రెండుసార్లు ఇచ్చాక జనం మూడోసారి కోసం చూడరా? బుద్ధిగా అప్పటికప్పుడు కట్టినవాడే వెర్రివాడయ్యాడు.

నేనూ శుద్ధపూసనేం కాదు. 2023 వేసవిలో ఆఫీసుకి లేటవుతోందని, యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో పోయా. రోడ్డు దాటుతున్న ఒక పెద్దాయన పాపం బండ్లొచ్చే వైపే చూస్తున్నాడు. నేనేమో రెండో వైపు నుంచి వచ్చా. జానెడు దూరంలో ఆగింది బండి. ఆయన తిట్టలేదు. గుండె మీద చెయ్యేసుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ బైకు మా నాన్న పేరు మీదుంది కాబట్టి చలానా కూడా ఆయన పేరు మీదే వచ్చింది. వెయ్యి రూపాయలు. డిస్కౌంట్లో రెండొందలకి తేలిపోయింది. నా లైసెన్సు మీద చిన్న గీత కూడా పడలేదు.

బగ్ ఇక్కడే ఉంది. ఈ టేబుల్‌కి ప్రైమరీ కీ బండి నంబరు. పార్కింగ్ తప్పుకి అది చాలు. కానీ ఎర్రలైటు దాటేది, ఎదురు దిశలో దూరేది బండి కాదు, మనిషి.

చట్టం లేదా అంటే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఈ రెంటినీ, ఫోను చేత్తో పట్టుకుని నడపడాన్నీ ప్రమాదకర డ్రైవింగ్ కిందే లెక్కేసింది. మొదటిసారికే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. తెలంగాణలో 2017 ఆగస్టు 1 నుంచి పాయింట్ల పద్ధతి కూడా పెట్టారు. రెండేళ్ళలో 12 పాయింట్లయితే ఏడాది పాటు లైసెన్సు సస్పెండ్ అన్నారు. మీ ఖాతాలో ఎన్నున్నాయో చెప్పండి చూద్దాం? నేనడిగిన ఒక్కడూ చెప్పలేకపోయాడు.

ఇక్కడి రాంగ్ రూట్ వీరుడే కాలిఫోర్నియా వెళ్తే అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద కూడా స్టాప్ సైన్ దగ్గర ఆగుతాడు. రక్తం మారిందా? లేదు. అక్కడ పాయింటు పడితే మూడేళ్ళు రికార్డులో ఉంటుంది, ఇన్సూరెన్స్ పెరుగుతుంది, ఏడాదిలో నాలుగైతే లైసెన్సుకే ఎసరు. అది బండికి కాదు, మనిషికి అంటుకుంటుంది.

"ముందు రోడ్లు బాగు చెయ్యమనండి, యూటర్నులు దగ్గర పెట్టమనండి" అంటారా? నేనూ అంటాను. కానీ ఆ దూరానికి మూల్యం కట్టాల్సింది ఆ పెద్దాయనా?

పార్కింగ్ చలానాకి డిస్కౌంటిస్తే ఇచ్చుకోండి. మనిషి ప్రాణం మీదకి తెచ్చే తప్పులకి మాత్రం ఒక్క రూపాయి తగ్గించొద్దు. నడిపిందెవరో ఓనరు చెప్పాలి, పాయింటు వాడి లైసెన్సు మీదే పడాలి. ముందు నాకే వెయ్యండి.