ఆవకాయ వెళ్తుంది, మామిడి పండు వెళ్లదు

అమెరికాలో ఉన్న స్నేహితుడికి ఆవకాయ పంపాలంటే దారి ఉంది. ఇంట్లో చేసి, సొంత కానుకగా పంపే పచ్చడికి అక్కడి ఆహార శాఖ ముందస్తు సమాచారం కూడా అడగదు. మాంసం పచ్చళ్ల సంగతి వేరు, అవి వద్దు. అదే బంగినపల్లి పండు పార్సిల్‌లో పెడితే కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు. టెంక పురుగు, పండు ఈగ వస్తాయని భయం. 2007 నుంచి మన మామిడిని రానిస్తున్నా, రేడియేషన్ శుద్ధి, తనిఖీ దాటిన ఎగుమతి సరుకునే.

ఈ నిబంధనను మేము తిట్టం. 2021లో నల్ల తామర పురుగు ఏం చేసిందో గుంటూరు మిరప రైతును అడగండి. అది ఇక్కడి పురుగు కాదు. 2018లో మొక్కజొన్న మీద పడ్డ కత్తెర పురుగూ అంతే. వాళ్ల పొలాన్ని వాళ్లు కాపాడుకుంటున్నారు. మన రేవుల్లో ఆ పట్టుదల ఏది?

ఇంకో మాట. 2007లో తొలి పండ్లు శుద్ధయింది నాసిక్ దగ్గరి లాసల్‌గావ్‌లో. కేంద్రం తోటకు ఎంత దూరమైతే కిరాయి, కుళ్లు అంత ఎక్కువ. ఆ నష్టం చివరికి రైతు ధరలోనే కోస్తారు. మామిడి జిల్లాల్లోనే ప్రభుత్వం శుద్ధి కేంద్రాలు పెట్టాలి. అప్పటిదాకా ఆవకాయే పంపండి, నూనె కారకుండా మూత బిగించి, డబ్బా మీద ఏముందో ఇంగ్లీషులో రాసి.