గాలిలో ఆగిన బంతి అబద్ధం కాదు

జపాన్ స్పోర్ట్స్ యానిమే (ఆటల కార్టూన్ కథలు) మీద మన ఇళ్లలో, బళ్లలో ఒక తీర్పు పాతుకుపోయింది. బంతికి మంటలు అంటుకుంటాయి, ఆటగాడు దెబ్బ పేరు అరిచి మరీ కొడతాడు, గోల్‌కీపర్ ముందు కొండంత బంగారు చెయ్యి లేస్తుంది. ఇదేం ఆట, పిలకాయల బుర్రలు చెడగొట్టడానికి కాకపోతే అంటారు. కాస్త చూసినవాళ్లది ఇంకో తీర్పు. ‘స్లామ్ డంక్’ లాంటి వాస్తవిక కథలు ఉత్తమం, ‘ఇనాజుమా ఇలెవన్’, ‘కురోకోస్ బాస్కెట్‌బాల్’ లాంటివి చెత్త అని. రెండూ తప్పే. మా నాయుడుపేటలో కూర్చుని ఆ మాట అనడం మరీ తప్పు.

మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022లో. కానీ శ్రీకాళహస్తి, పుత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం మాకు ఎప్పటినుంచో తెలుసు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు పాటలు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి విభూతి, నిమ్మకాయలు విసురుతాడు. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. ఆఖరి రోజు నేలమీద మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకుని ఉంటే, భీముడు గద తిప్పుతూ వచ్చి తొడ విరగ్గొడతాడు.

అక్కడ ఒక బాణం వేయి బాణాలు ఎట్లయిందని ఎవరూ అడగరు. హరిదాసు బాణాన్ని వింటినుంచి వదిలి, అది తగిలేలోపు ఒక పిట్టకథ చెప్పేస్తాడు. రెండు సేనల మధ్య రథం ఆపి గీతంతా చెబుతుంటే కాలం ఎట్లా ఆగిందని ఎవరికీ సందేహం రాదు. ప్రతి అస్త్రానికీ పేరుంది, మంత్రముంది, విరుగుడుంది. శాపం తగిలిన కర్ణుడికి సమయానికి అస్త్రం గుర్తురాదు. ఆ కథలో గుండె పిండే చోటు అదే. ఇదంతా తెలిసినవాళ్లం, జపాన్ కుర్రాడు పేరు పెట్టి కొట్టిన బంతిని చూసి ఎందుకు మొహం చిట్లించాలి?

ఇనాజుమా ఇలెవన్‌లో గోల్‌కీపర్ ఎండో మామోరును తీసుకోండి. చెట్టుకు వేలాడదీసిన టైరును తోసి, అది తిరిగొచ్చి గుద్దుతుంటే చేతులతో, ఛాతీతో ఆపడం అతని రోజువారీ సాధన. తాత రాసిపెట్టిన నోటుపుస్తకంలోని గజిబిజి రాతలు చూసుకుంటూ నేర్చుకుంటాడు. అట్లా పుట్టిన ‘గాడ్ హ్యాండ్’ కూడా ఒకరోజు చాలదు. తనకంటే బలమైన బంతి దాన్ని చీల్చుకుని పోతుంది. మళ్లీ సాధన మొదలు. చూడకుండా తిట్టేవాళ్లకు బంగారు చెయ్యి కనిపిస్తుంది, టైరు కనిపించదు.

ఒక చిన్న లెక్క చూడండి. పెనాల్టీ చుక్క నుంచి గోల్‌కు 11 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని 0.4 సెకన్లలో దాటేస్తుంది. ఆ కాసింతలోనే గోల్‌కీపర్‌కి భయం, అంచనా, తెగింపు అన్నీ అయిపోవాలి. గట్టుమీద నిలబడి చూసేవాడికి అదొక రెప్పపాటు. లోపల ఉన్నవాడికి మాత్రం అది ఎంతో పొడుగు. కెమెరా చూపించలేని ఆ లోపలి కాలాన్ని యానిమే విప్పి పరుస్తుంది. మంటలూ పులులూ ఆ లోపలి సంగతికి గీసిన బొమ్మలు. వాస్తవికత అంటే బయట కనిపించేదాన్ని నకలు తీయడమే అనుకునేవాళ్లకు ఇది అందదు.

కురోకో కథలో శక్తికి కట్టిన వెల ఇంకా స్పష్టం. కురోకో బక్కపలచని పిల్లాడు, గురిచూసి వేయడం కూడా అంతంతే. ఎదుటివాళ్ల చూపు మళ్లించి బంతి అందించడం ఒక్కటే అతని విద్య. 40 నిమిషాల ఆటలో అది కొంతసేపే పారుతుంది, ఎదుటివాళ్ల కళ్లు అలవాటుపడితే అరిగిపోతుంది. అందుకని కోచ్ అతణ్ని మధ్యలో బెంచీ మీద కూర్చోబెడుతుంది. హద్దులున్న శక్తిని చూపించే కథ పిల్లలకు భ్రమ ఎట్లా నేర్పుతుంది? హద్దు మరిచిన కథలూ ఉన్నాయి. ‘ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్’ రానురాను శక్తిమీద శక్తి పేర్చుకుంటూ పోయింది, అక్కడ నాకూ విసుగే. ఆ తప్పు ఆ కథది. దాన్ని చూపించి మొత్తం సంప్రదాయాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇవి చూసి పిల్లలు ఆటకు దూరమవుతారనే మాటకు చరిత్రే జవాబు. తకహాషి యోయిచి ‘కెప్టెన్ త్సుబాసా’ బొమ్మలకథ మొదలుపెట్టిన 1981లో జపాన్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగే లేదు. జె.లీగ్ 1993లో వచ్చింది, ఆ దేశం తొలి ప్రపంచకప్ ఆడింది 1998లో. ఒక్క బొమ్మలకథే ఇదంతా చేసిందని నేననను. కానీ 2008 యూరో ఫైనల్లో స్పెయిన్‌కు గెలుపు గోల్ కొట్టిన ఫెర్నాండో టోరెస్, చిన్నప్పుడు టీవీలో ఆ కథ కార్టూన్‌ చూసే ఫుట్‌బాల్ మొదలుపెట్టానని తానే చెప్పాడు.

ఎండాకాలం సాయంత్రాల్లో స్వర్ణముఖి ఇసుకలో టెన్నిస్ బంతితో ఆడే పిలకాయల్ని చూస్తుంటాను. ఒకడు స్లో బాల్‌కు తనే ఒక పేరు పెట్టుకుని, పరిగెత్తేముందు అరుస్తాడు. పేరు వినగానే బ్యాటు పట్టినవాడు ఒకడుగు వెనక్కి జరుగుతాడు. రెండు రోజుల్లో దానికి విరుగుడు కనిపెడతాడు. అప్పుడు మొదటివాడు వేళ్ల పట్టు మార్చుకుంటాడు. ఎవరూ చెప్పకుండా సాగే ఈ సాధనను ఏ పీఈటీ సారు కాదంటాడు?

అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒకటే. ఈసారి మీ పిల్లలు ఇలాంటిది చూస్తుంటే ఫోను లాక్కోకండి. ఆ మ్యాచ్ అయ్యేదాకా పక్కన కూర్చోండి. అయ్యాక, నీ దెబ్బకు ఏం పేరు పెడతావని అడిగి, బంతి చేతికిచ్చి బయటికి పంపండి.