ఓడదొంగ వ్రాసిన గాలిచరిత్ర

దినచర్య వ్రాయువాడు తన కథనే వ్రాయుచున్నాననుకొనును. రెండుమూడు శతాబ్దములు గడచి, అతని బంధుమిత్రశత్రువు లందరును మరుగుపడిన పిదప ఆ పుటలు విప్పువారికి మాత్రము, అతని సుఖదుఃఖములకంటె, ఆ దినమున గాలి ఏ దిక్కున వీచెను, మబ్బు ఏ వన్నె తాల్చెను, వాన ఎంతసేపు కురిసెను అను ఎండుమాటలే ఎక్కువ పనికివచ్చుచున్నవి. పూర్వపు యాత్రికుల దినచర్యలను అచ్చువేయునప్పుడు విసుగు కలిగించునని తలచి మొట్టమొదట కొట్టివేయునవియు ఈ మాటలే. ఈ అలవాటు తగదని చెప్పుటకు విలియం డాంపియర్ అను ఆంగ్లనావికుని వ్రాతలకంటె మంచి దృష్టాంతము నాకు కానరాదు.

ఇతడు 1651లో సోమర్సెట్ సీమలోని ఈస్ట్ కోకర్ గ్రామమున జన్మించెను. మెక్సికో తీరమున కాంపీచీ అడవులలో అద్దకపు రంగునిచ్చు కలపను నరకి కొంతకాలము పొట్టపోసికొనెను. పిమ్మట స్పెయినువారి ఓడలను, రేవుపట్టణములను కొల్లగొట్టు ముఠాలలో చేరి, 1679లో ఇంగ్లండు విడిచినవాడు 1691లో గాని స్వదేశము చేరలేదు. ఆ పండ్రెండేండ్లలో ఓడలు మారుచు, నాయకులను మార్చుచు భూగోళమంతయు చుట్టివచ్చెను. ముఠాలలో అతడు నాయకుడు కాడు, పేరుగాంచిన వీరుడును కాడు. 1681లో పనామా భూసంధిని కాలినడకను దాటవలసి వచ్చినప్పుడు, వానలకు పొంగిన నదులను ఈదక తప్పదని ముందే గ్రహించి, లావుపాటి వెదురుకణుపు నొకదానిని సంపాదించి, అందులో తన కాగితములను దూర్చి, రెండు కొనలను మైనముతో మూసి వెంటతీసికొనిపోయెను. కొల్లసొమ్ములో అతనికి దక్కిన పాలు నిలువలేదు గాని, తడవక మిగిలిన ఆ వ్రాతలు 1697లో ‘ఎ న్యూ వాయేజ్ రౌండ్ ది వరల్డ్’ అను గ్రంథముగా రూపొంది, ఓడదొంగను రాయల్ సొసైటీ పెద్దల భోజనపు బల్లల యొద్దకు చేర్చెను.

1699లో వెలువడిన రెండవ సంపుటమున ఉష్ణమండలపు గాలులను, తుపానులను, ఋతువులను, ఆటుపోట్లను, సముద్రప్రవాహములను గూర్చిన వ్యాస మొకటి కలదు. నా దృష్టిలో అతని కీర్తికి నిజమైన ఆధారము అదియే. ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున నీటిపై సన్నని నల్లని ముడుతలుగా మొదలై, మధ్యాహ్నమునకు బలిసి, మూడు గంటలు దాటినపిమ్మట సన్నగిల్లి, సాయంకాలమునకు అణగిపోవు సముద్రపుగాలిని గూర్చియు, రాత్రి బయలుదేరి తెల్లవారువరకు వీచు నేలగాలిని గూర్చియు అతడు వ్రాసినది వినిపించినచో, మన కోస్తాలోని పల్లెకారు లెవరైనను ఇది తమ రేవు సంగతియే యనక మానరు. 1687 జూలైలో చైనా సముద్రమున చిక్కుకొనిన టైఫూను పుటలు ఇంకను గట్టివి. ఈశాన్యమున దిగంతమునొద్ద కారునలుపుగను, పైకిపోను ముదురెరుపుగను, అంచులయందు తెల్లబారినట్లుగను కనబడు మబ్బు. దాని వెనుక ఈశాన్యపుగాలి, ఉరుములు, మెరుపులు, కుండపోత. తరువాత ఒక గంటసేపు గాలి పూర్తిగా స్తంభించుట. పిమ్మట నైరృతినుండి అంతటి ఉద్ధృతితోనే మరల విరుచుకొనిపడుట: ఇవి వరుసగా అతడు నమోదుచేసిన లక్షణములు. తుపాను కన్ను ఓడమీదుగా సాగిపోయినదని నేటి బడిపిల్లవాడును చెప్పగలడు. డాంపియరునకు ఆ ఊహ లేదు. తుపాను చుట్టు తిరుగు గాలియని అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డు ప్రకటించుటకు 1831 వరకు పట్టెను. అయినను చైనా టైఫూనును, వెస్టిండీసు హరికేనును పోల్చి చూచి, రెంటికిని పేరే వేరు గాని స్వభావ మొక్కటియే యని అతడు తేల్చెను.

ఆ కాలముననే మహాపండితుడైన ఎడ్మండ్ హేలీ 1686లో వ్యాపారపవనముల పటమును ప్రకటించి, వానికి కారణమును గూడ చెప్పెను. పటము మంచిదే, కారణమును మాత్రము 1735లో జార్జి హాడ్లీ సవరింపవలసి వచ్చెను. డాంపియరు తాను చూచిన దానిని చెప్పి, కారణములకై ప్రాకులాడక ఊరకొనెను గనుక సవరించుటకు అందు పెద్దగా ఏమియు లేకపోయెను. పండితుని ఊహ వలదని నేననను. ఊహ లేని శాస్త్రము నడువదు. అయితే ఊహలు మారినకొలది పాత వ్రాతలలో పనికివచ్చు భాగ మేదియో, పనికిరాని దేదియో తేలుచుండును.

ఇక మనిషి సంగతి. అతడు సత్యసంధుడని చెప్పుటకు వీలులేదు. దోపిడులను గూర్చి అచ్చుపుస్తకము త్వరత్వరగా దాటిపోవును. జియోలీ అను పచ్చబొట్ల మనిషియందు సగము వాటా సంపాదించి, ఇంగ్లండులో ప్రదర్శనకు పెట్టి సొమ్ముచేసికొనవచ్చునని ఆశించిన పాపము అతనిది. ఆ అభాగ్యుడు ఆక్స్‌ఫర్డులో మశూచివలన మరణించెను. రోబక్ అను ఓడకు నాయకుడై పోయి, దానిని 1701లో అసెన్షన్ దీవియొద్ద ముంచుకొనెను. తన క్రిందియధికారిని హింసించెనని 1702లో సైనికన్యాయస్థానము అతనికి శిక్ష విధించెను. ఇట్టివాని మాట నేల నమ్మవలెను? తన్ను గూర్చి చెప్పుకొనినచోట సందేహింపవలసినదే. గాలిని గూర్చి అబద్ధమాడుటవలన మాత్రము అతనికి కలుగు లాభమేమియు లేదు. ఆ అబద్ధమునకు బలియగువాడు తనవంటి మరియొక నావికుడే. పైగా తాను పోని ఆఫ్రికాలోని నేటాల్ సీమ వృత్తాంతమును, అది కెప్టెన్ రోజర్స్ అను మిత్రుడు చెప్పినదని పేరు పెట్టియే చేర్చెను. కన్నదానిని విన్నదానితో కలుపకుండుట మన పత్రికలలో నేటికిని సులభముగా కానరాని గుణము.

అతని చూపు మన సముద్రమునకును తగిలినది. 1688 మే నెలలో నికోబారు దీవులలో ముఠాను విడిచి, మరి ఏడుగురితో చిన్నపడవనెక్కి సుమత్రాలోని అచే రేవునకు బయలుదేరెను. నడిసముద్రమున సూర్యుని చుట్టును పెద్ద గుడి కట్టుట చూచి అతని గుండె జారెను. అనుకొనినట్లే తుపాను పట్టుకొనెను. మే నెలలో బంగాళాఖాతమున తుపానులు పుట్టుట మన మెరిగినదే. ఆ రాత్రి అతడు తన పూర్వజీవితమును తలచి పశ్చాత్తాపపడినట్లు వ్రాసికొనెను. ఆ పశ్చాత్తాప మెంతకాలము నిలిచెనో విమర్శకులు చర్చింతురు గాక. సూర్యునికి గుడి కట్టుటను గూర్చి చర్చ అక్కరలేదు. 1690లో అతడు మదరాసు కోటకు వచ్చి కొన్ని నెలలుండెను.

నావికుల దినచర్యల విలువ మన తీరమునకు తెలియనిది కాదు. 1839 నవంబరులో కోరంగిని ముంచిన తుపానును కలకత్తాలోని హెన్రీ పిడ్డింగ్టన్ పరిశీలించినది ఓడల దినచర్యలను పోగుచేసియే. సైక్లోన్ అను పేరు లోకమునకు ఇచ్చినవాడును అతడే. ఈస్టిండియా కంపెనీ ఓడల దినచర్యలనుండి వాయుపీడనమును, ఉష్ణోగ్రతను ఏరి, నేటి వాతావరణశాస్త్రజ్ఞులు పాత శీతోష్ణస్థితిని పునర్నిర్మించుచున్నారు. తమ సరకుల లెక్కకై కంపెనీవారు దాచినవి ఈనాడు గాలి లెక్కకు పనికివచ్చినవి.

మన యింటి సంగతి వేరుగా నున్నది. 1830-31లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చేయుచు దారి, నీరు, మజిలీ విషయములను శ్రద్ధగా వ్రాసినందువలన మనకొక గొప్ప గ్రంథము దక్కెను. దానిని మనము యాత్రాసాహిత్యముగనే పొగడుచు, అందలి వాగుల, వానల సమాచారమును తేదీవారీగా ఏర్చి పట్టికవేయుటను పెద్దగా పట్టించుకొనలేదు. పూర్వపు తాలూకా కచేరీలలో వానకొలత పుస్తకములు, రేవులలో రాకపోకల పుస్తకములు, ఆనకట్టలపై వరద మట్టముల పుస్తకములు ఉండెడివి. మిగిలినవానిని చరిత్రశాఖ తనవి కావనును, వాతావరణశాఖ పాతవనును. చెదలు మాత్రము ఏ వివక్షయు చూపదు.

కావున ప్రభుత్వ ప్రాచ్యలిఖిత భాండాగారములవారును, విశ్వవిద్యాలయములవారును కలసి, పరిశోధనకు ముందుగా ప్రతి పుటకును ఛాయాచిత్రము తీయించు పనికి పూనుకొనవలెను. ధవళేశ్వరమునుండి ప్రారంభించుట మేలని నా యభిప్రాయము. ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది గనుక అచ్చట మిగిలిన వరదలెక్క ఎంత కొంచెమైనను, గోదావరి గతమును గూర్చి వ్రాయువారికి ఊహలకంటె ఎక్కువ పనిచేయును. కుటుంబములలో దాగియున్న తాతల దినచర్యలను కూడ స్వీకరించి, వాన కురిసిన సంగతులను కొట్టివేయక, వ్రాసినవి వ్రాసినట్లు ఎక్కించుకొనవలెను.