పట్టికకెక్కిన దేవయాని

కార్తీకమాసంలో వెన్నెల లేని రాత్రి, కర్నూలు, కడప జిల్లాల మెట్టపొలాల నడుమ దీపాల వెలుగు సోకని చోట తలయెత్తి చూస్తే, దేవయాని నక్షత్రమండలంలో ఒక మసక మచ్చ కంటికి ఆనుతుంది. అది మబ్బుతునక కాదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న సర్పిలాకార గెలాక్సీ. నన్నయ ఆదిపర్వం చదివిన విద్యార్థికి దేవయాని పరిచితురాలే. (ఆ పొరుగు మండలాలకు మనవారు శర్మిష్ఠ, యయాతి అని పేర్లు పెట్టారు, ఆకాశంలోనూ ఆ ముగ్గురికీ ఎడబాటు లేదు!)

పేరు అందాన్నిస్తుంది. ఉనికిని నిలిపేది మాత్రం పట్టికయే. క్రీ.శ. 964 ప్రాంతంలో పారశీక ఖగోళవేత్త అల్ సూఫీ ఈ మచ్చను చిన్న మేఘంగా వర్ణించాడు. 1764లో ఫ్రాన్సు దేశీయుడు మెస్సియే దీనిని తన పట్టికలో 31వదిగా చేర్చాడు. ఆయన వెదకినవి తోకచుక్కలు. తోకచుక్కలని భ్రమింపజేసే వాటిని ముందే ఏరి పెట్టుకోవడం ఆయన ఉద్దేశం. విడిచిపెట్టడానికి రాసుకొన్న పట్టికే ఆయన కీర్తికి ఆధారమైంది! 1888లో డ్రేయర్ కూర్చిన 7,840 అంశాల సూచికలో ఇది 224వది. అయినా అప్పటికి దీనిని నీహారిక అనే పిలిచేవారు. 1923లో హబుల్ ఇందులో ఒక చరతారను గుర్తించి, దాని వెలుగు హెచ్చి తగ్గే కాలాన్ని బట్టి దూరాన్ని గణించిన పిదప గాని, ఇది మన పాలపుంతకు వెలుపలిదని తేలలేదు. పూర్వులు దీనిని చేర్చిన వర్గం తప్పు. గుర్తించిన స్థానం ఒప్పు. ఆ ఒప్పే హబుల్‌కు దారి చూపింది.

సూచికలు కూర్చేవారిని గుమాస్తాలుగా చూడడం మన సాహిత్యలోకంలో అలవాటు. దీనిని నేను అంగీకరించను. 1901లో హైదరాబాదులో వెలసిన నిజామియా వేధశాల, ప్రపంచ వేధశాలలతో కలిసి ఆకాశాన్ని ఛాయాచిత్రాలలో బంధించి, లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా ప్రకటించింది. ఏళ్ల తరబడి సాగిన ఆ శ్రమ మన పాఠాలకెక్కలేదు. కడపలో బ్రౌను దొర చేసినదీ ఇటువంటి పనే. తాళపత్రాలను సేకరించి, పండితులచేత ప్రతులను సరిపోల్చించి, శుద్ధప్రతులు రాయించాడు. ఏ కావ్యం గొప్పదన్న విచారణ తరువాతి మాట. ముందు అది ఉన్నదని తెలియాలి.

మన పల్లెల అటకలపై చెదలు తినగా మిగిలిన తాటాకు కట్టలు ఇంకా ఉన్నాయి. వాటిని చదవగల పండితుడు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎన్ని ఆకులు, ఏ లిపి అన్న నాలుగు మాటలు నోటుపుస్తకంలో రాసి ఉంచడం ఇంటర్మీడియట్ విద్యార్థికైనా సాధ్యమే.