రాళ్ళ పక్షం

తెలుగులో రాయికి ఉన్నంత చెడ్డపేరు మరే జడపదార్థానికీ లేదనుకుంటాను. దయ లేనివాడిది రాతిగుండె. తెలివి తక్కువవాడిది బండబుర్ర. వినరాని తిట్టు బండబూతు. అదే రాయికి మొక్కవలసి వస్తే మాత్రం పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతాం. తిట్టుకీ మొక్కుకీ నడుమ, రాయి ఉన్నచోట ఉన్నట్టుగా ఉండనివ్వవలసిన వస్తువని గట్టిగా వాదించినవాళ్ళు మనలో తక్కువ. హైదరాబాదులో ఆ వాదనను భుజాన వేసుకున్నది ఒక చిన్న పౌరసంఘం. 1996లో పుట్టింది. పేరు సొసైటీ టు సేవ్ రాక్స్. చిత్రకారులు, ఛాయాచిత్రకారులు, పర్యావరణ ప్రేమికులు కొందరు కలిసి పెట్టుకున్న సంఘం. మన నగరంలో పౌరసంఘాలు చేసిన పనులను తలచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. కోటలకూ మహళ్ళకూ వకాల్తా పుచ్చుకునేవారు ఎప్పుడూ ఉంటారు. ఎవరూ కట్టని, ఎవరి పేరూ చెక్కని బండరాయికి వకాల్తా పుచ్చుకోవడానికి కొంత మొండితనం కావాలి.

"రాళ్ళను కాపాడడమేమిటండీ, రాళ్ళనుంచి మనల్ని కాపాడాలి గానీ" అన్న హాస్యం ఈ సంఘం పేరెత్తిన ప్రతిచోటా వినబడుతుంది. నవ్వేవాళ్ళకు ఈ రాళ్ళ వయసు తెలియదు కాబోలు. హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు తల ఎత్తడం మొదలుపెట్టి అయిదు కోట్ల ఏళ్ళు దాటిందంటారు. అంటే మన గుండ్ల ముందు అవి నిన్నటి పసికందులు. భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి ఈ రాయి అయింది. పైనున్న పొరలన్నీ యుగాల తరబడి కొట్టుకుపోయాక బయటపడింది. బండలో నిలువునా అడ్డంగా పగుళ్ళు. పగుళ్ళలోకి వాననీరు దిగుతుంది. ముందు మూలలు అరుగుతాయి, తరువాత అంచులు. చివరికి నడుమ గుండ్రని గుండు మిగులుతుంది. అరిగిన మట్టిని వానలు తీసుకుపోతాయి. కాబట్టి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనబడే ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. చాలావరకు అవి ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చినవి కూడా కావు. ఒకే బండ పగిలి, అరిగి, తన చోటనే మిగిలిన ముక్కలవి. ఈ సంగతి తెలిసిన తరువాత ఏ గుట్టనూ నేను పాత కళ్ళతో చూడలేకపోయాను. ఒక గుండును తీసి మరోచోట, హోటలు ముందరి పచ్చికలోనో ఉద్యానవనంలోనో, అలంకారంగా పెట్టడం ఎందుకు హాస్యాస్పదమో కూడా దీనివల్లే అర్థమవుతుంది. రాయి మిగులుతుంది, దాని చరిత్ర పోతుంది.

వీటికి ఉపయోగం లేదా అంటే, ఉంది. పగుళ్ళలోకి దిగిన నీరు భూమిలోకి ఇంకుతుంది. బండ మీదినుంచి జారిన నీరు చెరువులోకి చేరుతుంది. గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు, తొండలు, పక్షులు బతుకుతాయి. గుట్టను పేల్చి చదును చేసినచోట వానాకాలంలో వీథులు మునుగుతాయి, ఎండాకాలంలో బోర్లు ఎండుతాయి. అయినా ఉపయోగాన్ని ముందుకు నెట్టి రాయిని సమర్థించడం నాకు అంతగా రుచించదు. ఉపయోగం మాటే చెప్పుకుంటే కంకర కూడా ఉపయోగమే కదా!

ఈ సంఘం చేసిన పనులు వినడానికి చాలా మామూలుగా ఉంటాయి. నెలకొక ఆదివారం జనాన్ని వెంటబెట్టుకుని ఏదో ఒక గుట్టకు నడిపించడం. ఫొటోలు తీసి ప్రదర్శించడం. అధికారులకు అర్జీలు రాయడం, రాసినదానికి జవాబు రాకపోతే మళ్ళీ రాయడం. జర్మనీనుంచి వచ్చి ఈ ఊరిని సొంతం చేసుకున్న ఫ్రౌకె ఖాదర్ గారు ఏళ్ళ తరబడి సంఘానికి కార్యదర్శిగా ఆ పని చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, తరువాత హైదరాబాదు చరిత్రకారుడిగా పేరుపొందిన నరేంద్ర లూథర్ గారు (2021 జనవరిలో కన్నుమూశారు) ఈ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు, ఈ రాళ్ళమీద ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా తీశారు. బంజారాహిల్స్‌లో ఆయన ఇల్లు కట్టుకుంటూ స్థలంలో ఉన్న పెద్ద బండను పగలగొట్టించకుండా, దాన్ని ఇంటి లోపలే ఉండనిచ్చి చుట్టూ గోడలు లేపించుకున్నారు. ఆ ఒక్క ఇల్లు ఎన్ని అర్జీలకు సమానమో!

వీటన్నిటికంటె పెద్ద ఫలితం ఒక జాబితా. 1995లో నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనలకు 13వ నిబంధన ఒకటి చేర్చి, వారసత్వ కట్టడాలకు రక్షణ కల్పించారు. ఆ వారసత్వ జాబితాలోకి పాత బంగళాల పక్కన తొమ్మిది శిలాసముదాయాలు కూడా ఎక్కాయి. తాపీమేస్త్రీ చెయ్యి పడని వస్తువులు కట్టడాల సరసన చేరడం చిన్న విషయం కాదు. తరువాత మరికొన్నిటిని కలిపారు. పోగొట్టుకున్న గుట్టల ముందు కాపాడుకున్నవి పిడికెడే. అయినా పోయినవాటి లెక్క కట్టడానికి కూడా ముందు ఒక జాబితా అంటూ ఉండాలి. ఆ జాబితాను మనకు ఇచ్చినవాళ్ళు వీళ్ళే.

ఇక నా ఫిర్యాదు. ఆ తొమ్మిదింటి పేర్లు చూడండి. శిల్పారామం లోపల ఉన్నది బేర్స్ నోస్. ఫిల్మ్‌నగర్ దగ్గరిది మాన్‌స్టర్ రాక్. జూబ్లీహిల్స్‌లో ఒబెలిస్క్, క్లిఫ్ రాక్, టోడ్‌స్టూల్. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మష్రూమ్ రాక్. మౌలాలి దగ్గర సెంటినెల్ రాక్. పాత బొంబాయి రోడ్డు మీద రాక్ పార్క్. తొమ్మిదింటిలోనూ దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలకు మాత్రమే చెరువు పుణ్యమా అని తెలుగు పేరు దక్కింది. ఎలుగుముక్కు అంటే ఏం పోయేది? కావలిగుండు అనవచ్చు కదా? మష్రూమ్, టోడ్‌స్టూల్ అని ఇంగ్లీషువాడు చూపించిన తేడా మనకూ ఉంది. ఒకటి పుట్టగొడుగు, రెండోది కుక్కగొడుగు.

ఇది భాషాభిమానం పేరిట గొణుగుడు కాదు. నగర శివార్లలో ఒక గుట్ట దగ్గర మేకలు కాచుకుంటున్న ఒక ముసలాయనను "ఈ గుండుకు పేరేమన్నా ఉందా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎందుకుండది సార్? గది తొట్టిగుండు. వాన పడితె మీద నీళ్ళు నిలుస్తయి. ఎండకాలం దాంక మేకలు తాగుతయి" అన్నాడు. ఆ ఒక్క పేరులో రాయి ఆకారం ఉంది, నీటి లెక్క ఉంది, పశువుల అవసరం ఉంది. జాబితాలు తయారుచేసినవాళ్ళు ఇటువంటి ముసలాయనలను పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే అవి మరోలా ఉండేవి. అంతకంటె ముఖ్యం, ఆ జాబితాల వెనక నిలబడే మనుషులు మరోలా ఉండేవారు.

మన ఊళ్ళ పేర్లే పెద్ద జాబితా. బోరబండ ఉంది. శంషాబాదు దగ్గర రాళ్ళగూడ ఉంది. మేడ్చల్ వైపు గుండ్లపోచంపల్లి ఉంది. మాదాపురం పక్కన గుట్టల బేగంపేట ఉంది, గుట్టలు భూమి దస్తావేజుల్లో తప్ప మరెక్కడా మిగలకపోయినా. ఇర్రమ్ మంజిల్ పేరు వెనక కథ కూడా ఇటువంటిదే. పంతొమ్మిదో శతాబ్దంలో నవాబు ఫక్రుల్ ముల్క్ ఆ మహలు కట్టించిన గుట్టను స్థానికులు ఎర్రమట్టినిబట్టి ఎర్రం అనేవారట. నవాబుగారు దాన్ని స్వర్గోద్యానాన్ని సూచించే ఇరమ్ అన్న పారసీ మాటతో కలిపి అటు ఫారసీ తెలిసినవారినీ ఇటు తెలుగువారినీ సంతోషపెట్టారని చెప్పుకుంటారు. పేరు పెట్టడంలో ఆ పాటి సరసం మన పౌరసంఘాలకు ఎందుకు లేకపోయింది?

పేరు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం 2015. ఆ ఏడాది డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 13వ నిబంధనను తొలగించింది. ఒక్క ఉత్తర్వుతో ఇరవై ఏళ్ళ జాబితా కాళ్ళకింద నేల జారిపోయింది. 2017లో వారసత్వ పరిరక్షణకు కొత్త చట్టం వచ్చింది. 2019లో ఇర్రమ్ మంజిల్‌ను పడగొట్టి అక్కడ శాసనసభా భవనం కట్టాలని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, నగరవాసులు కొందరు హైకోర్టుకు వెళ్ళారు. ఆ సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహలు నిలిచింది, సంతోషం. కానీ మహలుకు ఫొటోలున్నాయి, వంశవృక్షముంది, కథలున్నాయి. ఒక గుండు మీదికి యంత్రం వచ్చిన రోజున కోర్టుకు వెళ్ళి "ఇది ఫలానా" అని చెప్పడానికి దానికి కనీసం ఒక పేరుండాలి. ఆ పేరు పక్క బస్తీలో పదిమంది నోట ఆడేదై ఉండాలి.

ఈ సంఘం మీద ఇంకో విమర్శ తరచు వింటాను. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలను పేల్చి ఇళ్ళు కట్టుకున్న వర్గమే ఇప్పుడు మిగిలిన రాళ్ళమీద ప్రేమ ఒలకబోస్తోందని, రాయి కొట్టి బతికే వడ్డెరల కడుపు సంగతి దానికి పట్టదని. మొదటి సగంలో నిజముంది. రెండో సగం నాకు సమ్మతం కాదు. వడ్డెరవాడు సుత్తీ ఉలీ పట్టుకుని, మంటపెట్టి పొరలు లేపి, తరతరాలుగా రాయి తీశాడు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గ్రానైటు కట్టడం. 1939లో ప్రారంభమైంది. అంత పెద్ద భవనం లేచినా నగరం చుట్టూ గుట్టలు మిగిలాయి. గోలకొండ కట్టినవారైతే గుండ్లను కదపకుండానే గోడలో కలుపుకున్నారు. కోట ఎక్కేటప్పుడు ఎక్కడ రాయి ఆగి ఎక్కడ గోడ మొదలైందో చూడండి. గుట్టలను మాయం చేసింది సుత్తి కాదు, కంప్రెసరూ జిలెటిన్ కడ్డీలూను. ఆ రెండూ వచ్చాక వడ్డెరవాడికి మిగిలింది కూలి, అదీ కొన్నాళ్ళే. పైగా ఇప్పుడు రాయిని పేల్చేది రాయి కోసం కాదు, స్థలం చదును కోసం. గ్రానైటును కంకర చేసి అమ్మేసి, అదే స్థలంలో రాజస్థానునుంచి తెచ్చిన పాలరాయి పరుస్తారు. ఆ పైన గేటు మీద 'హిల్స్' అని పేరు. ఈ పనిలో వడ్డెరవాడి కడుపును అడ్డం పెట్టుకోవడం మర్యాద కాదు.

దేవుడున్న రాయి మిగులుతుంది కదా, భక్తి చాలదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. నిజమే, మౌలాలి గుట్ట దర్గా వల్ల నిలిచింది. ఎన్ని బండలు మైసమ్మ పేరు చెప్పుకుని బతుకుతున్నాయో లెక్కలేదు. కానీ భక్తిని నేను పూర్తిగా నమ్మను. చిన్న గుడి పెద్దదవుతుంది, మెట్లు వస్తాయి, మెట్ల పక్కన సిమెంటు, సిమెంటు మీద నూనె రంగులు. బండను తొలిచి దారి వేసి, బండమీద దాతల పేర్లు రాస్తారు. రాయి మిగిలిందనిపిస్తుంది గానీ చూడడానికి ఏమీ మిగలదు. ఈ విషయంలో సంఘంవాళ్ళ కన్ను నాకు భక్తుడి కన్నుకంటె నమ్మదగినదిగా తోస్తుంది. వాళ్ళు రాయినుంచి ఏమీ కోరరు.

2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో, కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల మీదికి యంత్రాలు వచ్చాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అది అడవా కాదా అన్న వాదన ఇంగ్లీషులో చాలా జరిగింది. తెలుగులో ఆ స్థలం పేరులోనే సమాధానముంది. కంచ అంటే పశువులు మేసే బీడు. అడవి కాదు, పంటభూమి కాదు, ఖాళీస్థలమూ కాదు. గుట్టలూ గుండ్లూ పొదలూ కలిసిన అటువంటి నేలకు మన పూర్వులు ఒక మాట కేటాయించారంటే, దానికంటూ ఒక స్థానం ఉందనే కదా. విద్యార్థులు ఆ పోరాటంలో నిలబెట్టినవాటిలో అక్కడి శిలలు కూడా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ కిందట రాళ్ళకోసం జనం రోడ్డుమీదికి రావడాన్ని ఊహించగలిగేవాళ్ళమా? ఆదివారం నడకలూ జవాబు రాని అర్జీలూ ఎక్కడో ఇంకి ఉండాలి.

నాకు తోచిన పని ఒకటుంది. ప్రభుత్వమూ సంఘమూ అక్కర్లేదు, ఓపిక చాలు. ఎవరి ఊళ్ళో, ఎవరి బస్తీలో ఉన్న గుండ్లకు పెద్దవాళ్ళు ఏ పేర్లు పెట్టి పిలిచేవారో రాసిపెట్టుకుందాం. పేరు, ఎక్కడుంది, ఎందుకా పేరు వచ్చింది, ఎవరు చెప్పారు. ఇప్పుడు లేకపోతే లేదని కూడా రాయండి. మేకల కాపరులను, చాకలివారిని, సీతాఫలాలు ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళను ముందుగా అడగండి. మాస్టార్లను తరువాత అడగవచ్చు. నా జాబితాలో మొదటిది తొట్టిగుండు. రెండోదాన్ని మీలో ఎవరైనా పంపండి.