యువరాణి నేర్చిన ఈత



గత మాసం స్త్రీల కూడిక ముగిశాక మేము కొందరం చింతూరు దగ్గర శబరి ఒడ్డున కూర్చున్నాం. ఒక చెల్లెలి చేతిలో పాత పత్రిక ఉంది. అందులో మొనాకో యువరాణి షార్లీన్ పెళ్ళి ఫోటో. "అక్కా, ఈత కొట్టే అమ్మాయికి రాజుగారి సంబంధం ఎలా వచ్చింది?" అని అడిగింది. అందరం నవ్వుకున్నాం. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అందుకే ఈ మాసం ఆమె సంగతే రాస్తున్నాం.

షార్లీన్ 1978 జనవరి 25న ఇప్పటి జింబాబ్వేలోని బులవాయోలో పుట్టింది. 1989లో ఆ కుటుంబం దక్షిణాఫ్రికాకు వలస వచ్చింది. తల్లి లినెట్ స్వయంగా డైవింగ్ క్రీడాకారిణి, ఈత నేర్పే శిక్షకురాలు. కూతురికి ఆమె ఇచ్చిన ఆస్తి ఈతే. వెల్లకిలా పడుకొని ఈదడంలో ఆ అమ్మాయి ఆరితేరింది. 2000లో మొనాకోలో జరిగిన పోటీల్లో 200 మీటర్ల వెల్లకిల ఈతలో గెలిచింది. యువరాజు ఆల్బర్ట్ ఆమెను మొదట చూసింది అక్కడే. అదే సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె ఉన్న రిలే జట్టు ఐదవ స్థానంలో నిలిచింది. పతకం రాలేదు. తరువాత భుజం గాయం బాధించింది. 2007లో పోటీల నుండి విరమించుకుంది. 2011 జూలైలో పెళ్ళి జరిగింది. 2014 డిసెంబరులో కవల పిల్లలు పుట్టారు.

కథ ఇక్కడితో ఆగితే అది పెళ్ళికూతురి కథే. అయితే కిరీటం కష్టాన్ని ఆపలేదు. 2021లో దక్షిణాఫ్రికా వెళ్ళినప్పుడు చెవి, ముక్కు, గొంతుకు సంబంధించిన వ్యాధి సోకి, ఆపరేషన్లు జరిగి, నెలల తరబడి పిల్లలకు దూరంగా ఉండిపోయింది. పదవ పెళ్ళిరోజు కూడా భర్త పక్కన లేకుండానే గడిచింది.

మాకు ఆమెలో నచ్చినది మరొకటి. తన చిన్నతనంలో బంధువుల బాబు ఒకడు నీట మునిగి చనిపోయిన సంగతి ఆమె మరువలేదు. 2012లో తన పేర ఒక సంస్థను స్థాపించి, పిల్లలకు ఈతా నీటి జాగ్రత్తలూ నేర్పించే పని చేపట్టింది. తల్లి ఇచ్చిన తలాంతును పాతిపెట్టలేదు.

ఇది మనకు దూరపు మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలే. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు, శబరి ఎగదన్ని మన ఇళ్ళ మీదికి ఎలా వచ్చిందో మనం చూశాం.

మన ఊళ్ళలో మగపిల్లలు రేవులో దూకి ఎలాగో ఈత నేర్చుకుంటారు. బట్టలుతకడానికి, నీళ్ళు తేవడానికి అదే రేవులోకి దిగే ఆడపిల్లకు మాత్రం "నీకెందుకమ్మా ఈత?" అంటాం. ఏరు ఆడా మగా చూస్తుందా?

అమ్మలారా, ఎండాకాలంలో నీరు నిలకడగా, నడుము లోతు లోపు ఉన్నచోట, ఈత బాగా వచ్చిన పెద్దవారు చెయ్యి అందేంత దూరంలో ఉండగా, మొదట వెల్లకిలా తేలడం నేర్పించండి. వరద నీటిలోకి ఎవరినీ దిగనివ్వకండి. ఎవరైనా మునిగిపోతుంటే వెనకా ముందూ చూడక దూకవద్దు. కేకలు వేసి పదిమందిని పిలవండి. వెదురు గడో, తాడో, చీరకొంగో ఒడ్డునుండే అందించండి.

ఆ చెల్లెలి ప్రశ్నకు మా జవాబు ఇది: రాజుగారి సంబంధం నూటికో కోటికో ఒకరికి వస్తుంది. ఈత మాత్రం నేర్పితే ప్రతి పిల్లకూ వస్తుంది. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. ఈ ఎండాకాలం ముగ్గురూ కలిసి నేర్చుకుంటామని మాట ఇచ్చింది.